మూల గుంజ ఎవరి లెక్క? సెమినరీ లైబ్రరీకి సామాను ఎంచిన ఏడాది

ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో ఆరేళ్లు చేశాక, 2018లో గోదావరి ప్రాంతంలోని ఒక సెమినరీకి, అంటే పాస్టర్లను తయారుచేసే కాలేజీకి, లైబ్రేరియన్‌గా వచ్చాను. పాత చోట, పుస్తకాలకి విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ లెక్కలో, 200 అంటే మతం, అంతా కలిపి ఒక్క అర. గీతా వ్యాఖ్యానాలు, ఎవరో పంచిపెట్టిన కొత్త నిబంధనలు, ఒక ఖురాన్ అనువాదం ఆ అరలోనే సర్దుకునేవి. ఇక్కడ 220, అంటే బైబిల్ ఒక్కటే, రెండు గోడల పొడవునా ఉంది. నాకు బాగా అలవాటైన 600, టెక్నాలజీ, కిటికీ పక్కన మూడంటే మూడు పుస్తకాలు. అందులో ఒకటి కోళ్ల పెంపకం.

పుస్తకాలు కొనడం నాకు కొత్తేమీ కాదు. పాఠం చెప్పేవాళ్లు స్లిప్ రాసిస్తారు, మన దగ్గర ఆ పుస్తకం ఉందో లేదో చూస్తాం, మూడు కొటేషన్లు తెప్పిస్తాం, కమిటీలో పెడతాం, ఆర్డరిస్తాం. వచ్చాక పేజీలు సరిచూసి, యాక్సెషన్ రిజిస్టర్‌లో ఎక్కించి, సీక్రెట్ పేజీ మీద ముద్ర కొడతాం. సీక్రెట్ పేజీ అంటే మొదటి పేజీ చింపేసి పుస్తకం ఎత్తుకుపోయినా మనదేనని తెలిసేందుకు లోపలెక్కడో ముద్ర వేసే పేజీ. ఎన్నో పేజీయో చెప్పను.

నాకు తెలియనిదల్లా మెట్ల కింద గది. తలుపు మీద ‘ఆడియో విజువల్’ అని బోర్డు. తీస్తే గుప్పున బూజు వాసన. ఫ్లానెల్ గుడ్డ మీద అంటించే బైబిల్ బొమ్మలు, స్లయిడ్ ప్రొజెక్టరు, చిన్న అల్యూమినియం డబ్బాల్లో ఫిల్మ్ స్ట్రిప్పులు, రెండు బీరువాల కాసెట్లు, తెల్లగా ఫంగస్ పట్టిన వీహెచ్ఎస్ టేపులు, వీసీడీలు, వాటి మీద డీవీడీలు. నలభై యాభై ఏళ్లలో ఏ యంత్రం వస్తే దానికి తగ్గ సామాను ఎవరో ఒకరు కొన్నారు. యంత్రం పోయింది, సామాను మిగిలింది. బావిలో రింగుల్లాగా ఒకదాని మీద ఒకటి.

2019 జూన్‌లో ప్రిన్సిపాల్ అయ్యగారు పిలిచి, “ఈ ఏడు ఆ గదికి లక్షా ఇరవై వేలు ఇస్తున్నామమ్మా. పుస్తకాల బడ్జెట్ వేరు. మార్చి లోపల ఖర్చు కావాలి, మిగిలితే మళ్లీ ఇవ్వరు” అన్నారు. సంతోషం కన్నా టెన్షనే ఎక్కువైంది. ఎందుకంటే అంతకు ముందు ఏడాదే ఆ గదికి నేను ఒక తప్పు చేసి ఉన్నాను.

అది కూడా చెప్పాలి. పాత నిబంధన చెప్పే అయ్యగారు పురావస్తు తవ్వకాల మీద ఉపన్యాసాల డీవీడీ సెట్ అడిగారు. ఇరవై నాలుగు డిస్కులు, విదేశీ సరుకు, పద్దెనిమిది వేలు. కేటలాగులో ఫొటో చూశాను, రివ్యూ చదివాను, ఆర్డరిచ్చాను. పెట్టె వచ్చిన రోజు క్లాసులో అందరూ కూర్చున్నారు. ప్లేయర్‌లో వేస్తే తెర మీద రీజియన్ కోడ్ తప్పని వచ్చింది. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె అది. మన దేశానికి డీవీడీ రీజియన్ 5. వచ్చినవి అమెరికా వాళ్ల రీజియన్ 1. ఆఫీసు కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చొచ్చు కానీ అయిదుసార్లే, ఆ తర్వాత అది అలాగే బిగుసుకుపోతుంది. సరే అని మార్చి వేశాం. సబ్‌టైటిల్స్ లేవు. ఆ ఉచ్చారణ మా పిల్లల్లో నలుగురికి కూడా అందలేదు. పావుగంటయ్యాక వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి, “మేడమ్‌గారూ, సౌండ్ ఆపేసి అయ్యగారినే చెప్పమనండి” అన్నాడు. అయ్యగారు అలాగే చేశారు. పాఠం బాగా జరిగింది. పద్దెనిమిది వేల మూకీ సినిమాకి అయ్యగారి వ్యాఖ్యానం.

అందుకని ఈసారి తొందరపడలేదు. జూలై పదో తారీకుకల్లా నలభై ఒక్క స్లిప్పులొచ్చాయి. స్మార్ట్ బోర్డు కావాలని ముగ్గురు రాశారు. హీబ్రూ, గ్రీకు మూలాలు చూసుకునే బైబిల్ సాఫ్ట్‌వేర్, పాలస్తీనా గోడ పటాలు, తోలుబొమ్మల సెట్, వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ బడి) కిట్లు, ప్రసిద్ధ ప్రసంగీకుల డీవీడీలు, కౌన్సెలింగ్ నేర్పే వీడియోలు, ప్రత్యక్ష గుడారం నమూనా. ఒకాయన స్లిప్ మీద ‘మంచివి ఏవైనా’ అని రాసి సంతకం పెట్టారు. అది ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

మొదటి కోత సులువే. స్మార్ట్ బోర్డు, ప్రొజెక్టరు సామగ్రి కిందికి రావు, పరికరాల కిందికి వస్తాయి, ఆ ఖర్చు ఆఫీసుది అని రాసి, కాలేజీ డబ్బు లెక్కలు చూసే బర్సార్ గారికి పంపాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. బైబిల్ సాఫ్ట్‌వేర్ పెద్ద ప్యాకేజీ ధర అడిగితే మన మొత్తం బడ్జెట్ దానికే చాలదు. పైగా లైసెన్సు ఒక మనిషి పేరు మీద ఇస్తారు, లైబ్రరీ పేరు మీద కాదు. మూలభాషల పాఠం వరకూ ఉచితంగా దొరికే ప్రోగ్రాములు ఉన్నాయి, అవి ల్యాబ్‌లో వేయించాం. మిగిలినవి ఇరవై తొమ్మిది. వాటి మధ్య ఎంచడం ఎలాగో నాకు తెలియలేదు. ప్రతి స్లిప్పూ న్యాయంగానే ఉంది.

మా విద్యార్థులు శని, ఆదివారాలు ఊళ్లలోని సంఘాలకు పరిచర్యకు వెళతారు. ఒక ఆదివారం నేనూ ఇద్దరమ్మాయిలతో బస్సెక్కాను. కాలవ గట్టు మీద రేకుల చర్చి. తొమ్మిదింటికి సండే స్కూలు, ముప్పై మంది పిల్లలు. అమ్మాయిలు మా లైబ్రరీ నుంచి ల్యాప్‌టాప్, చిన్న ప్రొజెక్టరు పట్టుకొచ్చారు. మూడు పక్కలా కిటికీలు, కిటికీలకి తలుపుల్లేవు, గోడ మీద ఎండ. యేసుప్రభువు గలిలయ సముద్రం మీద నడుస్తున్నాడని మాకు తెలుసు కాబట్టి కనిపించాడు గానీ పిల్లలకి ఏదో నీడ కదలడం తప్ప ఇంకేం కనబడలేదు. పది నిమిషాలకి కరెంటు పోయింది. పెద్దమ్మాయి ఏమాత్రం కంగారు పడలేదు. సంచిలోంచి ఫ్లానెల్ గుడ్డ తీసి కుర్చీ వీపు మీద పరిచింది. పడవ అంటించింది, అలలు అంటించింది, యేసు దగ్గరికి నీళ్ల మీద నడవబోయి మునగబోయిన శిష్యుడు పేతురుని చేతిలో పట్టుకుని, “ఇప్పుడు ఈయన్ని ఎక్కడ పెట్టమంటారు, పడవలోనా, నీళ్లలోనా?” అని అడిగింది. ముప్పై చేతులు లేచాయి. ఒక బుడ్డోడు ముందుకొచ్చి పేతురుని లాక్కుని సగం నీళ్లలో, సగం పడవలో అంటించాడు. కథలో ఆ ఘడియ సరిగ్గా అదే.

ఆ ఫ్లానెల్ సెట్ నేను ‘తొలగించదగినవి’ అని రాసుకున్న జాబితాలో ఉంది. సోమవారం వచ్చి ఆ జాబితాలోంచి దాని పేరు కొట్టేశాను.

స్లిప్ ఫారం కూడా మార్చాను. టైటిల్, రచయిత, ధర అనే గళ్ల కింద మరో మూడు గళ్లు: ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు, దేని మీద నడుస్తుంది. ఇరవై తొమ్మిది స్లిప్పులూ వెనక్కిచ్చి మళ్లీ నింపమన్నాను. గొణుగుడు చాలానే వినబడింది. “రంగనాథన్ గారు ఇవన్నీ అడగలేదు కదమ్మా” అన్నారు సంఘ చరిత్ర చెప్పే అయ్యగారు. రంగనాథన్ గారంటే మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడు. అడిగారండీ, 1931లోనే, ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు అని సూత్రం రాసి మరీ అడిగారు అన్నాను. నవ్వి నింపిచ్చారు. తొమ్మిది స్లిప్పులు తిరిగి రానే లేదు. ‘దేని మీద నడుస్తుంది’ అన్న గడి దగ్గర ఆగిపోయినవే ఎక్కువ.

ఆగస్టులో లైబ్రరీ కమిటీ. అసలు గొడవ ప్రసంగాల డీవీడీల దగ్గర వచ్చింది. టీవీలో వచ్చే పెద్ద ప్రసంగీకుల డిస్కులు కొన్ని కొనమని స్లిప్, కొన్ని ఉచితంగా పంపుతామని వాళ్ల ఆఫీసుల నుంచి ఉత్తరాలు. కానుక వేస్తే అప్పులు తీరతాయి, నూనె రాస్తే జబ్బు పోతుంది అనే తరహావి వాటిలో ఉన్నాయి. వేదాంతం చెప్పే అయ్యగారు, “ఇవి మన ముద్రతో మన అరలో ఉంటే మనం ఒప్పుకున్నట్టే. వద్దు” అన్నారు. ప్రసంగ శాస్త్రం చెప్పే అమ్మగారు ఊరుకోలేదు. “మన పిల్లలు రేపు వెళ్లే ప్రతి ఇంట్లో టీవీలో ఆడేది ఇదేనండీ. ఆయన గొంతు ఎక్కడ పెంచుతాడు, ఎక్కడ ఏడుస్తాడు, వాక్యాన్ని ఎక్కడ విరుస్తాడు, ఇవి క్లాసులో ఆపి ఆపి చూపించకపోతే వీళ్లు అదే నేర్చుకుని అదే చెబుతారు. మెడికల్ కాలేజీలో రోగాల శాంపిళ్లు పెట్టుకోరా?” అన్నారు. గంటసేపు నడిచింది. టీ రెండుసార్లు వచ్చింది.

నన్ను అడిగితే అమ్మగారి వైపే అన్నాను. ఇస్లాం మీద, హిందూ మతం మీద, నాస్తికుల మీద పుస్తకాలు మా 290ల్లో, 210ల్లో ఉన్నాయి. వాటి మీద మన ముద్ర ఉంది కాబట్టి మనం ఒప్పుకున్నామని ఎవరూ అనుకోలేదు. చివరికి నాలుగు డిస్కులు, కొనుక్కునే తీసుకోవాలని తేలింది. ఉచితంగా తీసుకుంటే రేపు ఇంకో పెట్టె వస్తుంది, మా ఫొటో వాళ్ల పత్రికలో వస్తుంది. అవి రిజర్వు సెక్షన్‌లో ఉండాలి, క్లాసుకి మాత్రమే ఇవ్వాలి అని వేదాంతం అయ్యగారు షరతు పెట్టారు. ఆ షరతు నాకు నచ్చలేదు గానీ మినిట్స్‌లో రాసుకున్నాను.

అదే మీటింగులో, క్లాసులో సినిమా వేస్తే కాపీరైట్ గొడవ వస్తుందా అని ఎవరో అడిగారు. చూసేది విద్యార్థులు, సిబ్బంది, వాళ్ల తల్లిదండ్రులు మాత్రమే అయి, అది చదువులో భాగమైతే మన చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ఊళ్లో తెర కట్టి వేస్తే ఆ మినహాయింపు వర్తించదు. ఇది చెప్పాక ఇద్దరు మొహాలు చూసుకున్నారు. 1978లో విజయచందర్ యేసుగా వేసిన ‘కరుణామయుడు’ మా డీవీడీ ప్రతి క్రిస్మస్‌కి ఎన్ని ఊళ్లు తిరిగిందో ఇష్యూ రిజిస్టరే చెబుతుంది. ఆ ఏడాది నుంచి దాన్ని క్లాసుకి, చదువుకునే గదికి తప్ప ఇవ్వడం మానేశాను. డిసెంబరులో నాకు చాలా మంది శత్రువులు తయారయ్యారు.

కొటేషన్ల సంగతి త్వరగా చెప్పేస్తాను, అందులో రుచి ఏమీ లేదు. విదేశీ ధరని రూపాయల్లోకి మార్చడానికి పుస్తకాల వ్యాపారులు జీఓసీ (గుడ్ ఆఫీసెస్ కమిటీ) రేటు అనేది వాడతారు, అది బ్యాంకు రేటు కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. అది తెలియకుండా బ్యాంకు రేటుతో లెక్కేసుకుని కూర్చుంటే బిల్లు వచ్చాక గుండె జారుతుంది. ఆ జూలై బడ్జెట్‌లోనే దిగుమతి పుస్తకాల మీద 5 శాతం కస్టమ్స్ సుంకం పడింది. ఒక సప్లయర్ అంతకు ముందే ఢిల్లీ గోడౌన్‌కి చేరిన అట్లాసులకి కూడా ఆ 5 శాతం కలిపి బిల్లు వేశాడు. సరుకు దేశంలోకి వచ్చినప్పుడు కస్టమ్స్‌కి ఇచ్చే కాగితం, బిల్ ఆఫ్ ఎంట్రీ, తేదీ చూపించమన్నాను. రెండు రోజుల్లో సవరించిన బిల్లు వచ్చింది. అట్లాసు, ఉతికినా పోని గుడ్డ మీద అచ్చేసిన గోడ పటాలు నాలుగు, కౌన్సెలింగ్ వీడియోలు ఒక సెట్, ఇవి మామూలుగా వచ్చేశాయి. వీడియోలు మాత్రం ముందు శాంపిల్ తెప్పించి, ముగ్గురు విద్యార్థులను కూర్చోబెట్టి, ఎంత అర్థమైందో అడిగాకే ఆర్డరిచ్చాను.

ఇక గుడారం.

బైబిల్ రెండో పుస్తకం నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులు అరణ్యంలో వేసుకున్న ప్రత్యక్ష గుడారం కొలతలు అధ్యాయాలకి అధ్యాయాలు ఉంటాయి. చదివేవాళ్లు అక్కడే నిద్రపోతారు. పాత నిబంధన అయ్యగారికి నమూనా ఉండాలని పదేళ్ల కోరిక. విదేశాల్లో ప్లాస్టిక్ కిట్ దొరుకుతుంది, మనమే విరిచి అతికించుకోవాలి, పోస్టేజీ, సుంకం కలిపితే పదకొండు వేలు దాటింది. ఫొటోలో పక్కన పెట్టిన పెన్సిలుని బట్టి చూస్తే మొత్తం గుడారం చపాతీ పీటంత ఉంది. డీవీడీల దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది కాబట్టి ఆ ఫొటోని నమ్మలేదు. మా హాస్టలు మంచాలు బాగుచేసే వడ్రంగి మేస్త్రిని పిలిచి, చేస్తారా అని అడిగాను. “కొలతలు చెప్పండి, ఏదైనా చేస్తా” అన్నాడు.

మూరకి ఒక సెంటీమీటరు చొప్పున అనుకున్నాం. ఆవరణ నూరు మూరలు, యాభై మూరలు, అంటే మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, టేబుల్ మీద పడుతుంది. గుడారం ముప్పై సెంటీమీటర్లు, ఎత్తు పది. కంచె ఎత్తు అయిదు. నేను 26, 27 అధ్యాయాలు చదువుతుంటే ఆయన చెక్క మీద పెన్సిలుతో రాసుకున్నాడు. ఆయన క్రైస్తవుడు కాదు, బైబిల్ వినడం అదే మొదటిసారి. పలకల దగ్గర మళ్లీ చదవమన్నాడు. ఒక్కో పలక పది మూరల ఎత్తు, మూరన్నర వెడల్పు. దక్షిణానికి ఇరవై, ఉత్తరానికి ఇరవై, పడమటికి ఆరు, మూలలకు రెండు. “మొత్తం నలభై ఎనిమిది. ఇరవై మూరన్నరలు ముప్పై. సరిపోయింది” అని తల ఊపాడు. ఎవరో తోటి పనివాడి లెక్క సరిచూసినట్టు ఉంది ఆ ఊపడం.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. “అమ్మా, గుంజలు తేలట్లేదు. దక్షిణం పక్క నూరు మూరలకి ఇరవై గుంజలన్నారు. అయిదేసి మూరల ఎడం పెడితే ఈ చివర, ఆ చివర కలుపుకుని ఇరవై ఒకటి రావాలి. ఉత్తరం పక్కా అంతే. తూర్పూ పడమరా పదేసి అన్నారు, అవి పదకొండేసి రావాలి. మూలన ఉన్న గుంజ ఎవరి లెక్కలోకి వస్తుందండీ?”

నాకేం తెలుసు. అయ్యగారిని పిలిచాను. ఆయన ఒక వ్యాఖ్యానం తీశారు, ఇంకోటి తీశారు, హీబ్రూ తీశారు. 222.12, అంటే నిర్గమకాండం అంకె, దగ్గర మా లైబ్రరీలో ఉన్నవన్నీ టేబుల్ మీదికొచ్చాయి. ఇద్దరు పండితులు రెండు బొమ్మలు గీశారు, ఆ రెండిటికీ పొంతన లేదు. మేస్త్రి ఓపిగ్గా నిలబడి చూసి, చివరికి నేల మీద సుద్దముక్కతో గీత గీశాడు. “ఒక్కో మూల గుంజని ఒక్కో పక్కకే రాసుకోండి. ఇటు నుంచి మొదలెట్టి చుట్టూ తిరిగి రండి. నూరు, యాభై, నూరు, యాభై, మొత్తం మూడొందల మూరలు. అయిదుకొకటి, అరవై. ఇరవై, ఇరవై, పది, పది, అరవై. పొలానికి కంచె కట్టినోడెవడైనా ఇలాగే లెక్కెడతాడండీ.”

అయ్యగారు చాలాసేపు ఆ సుద్ద గీత వైపే చూశారు. ఆ సెమిస్టర్ పరీక్షలో మూల గుంజ మీద పది మార్కుల ప్రశ్న పడింది. చాలా మంది మేస్త్రి జవాబే రాశారట.

కోత మిల్లులో మిగిలిన టేకు ముక్కలతో చేశాడు. తెరలకి మా అటెండర్ భార్య నూలు గుడ్డ కుట్టింది. మొత్తం పద్నాలుగు వేలయింది. ప్లాస్టిక్ దానికన్నా ఎక్కువే, ఆడిట్‌లో అడిగితే చెప్పుకోవడానికి కారణం రాసి పెట్టుకున్నాను.

ఆ కారణం రాసేటప్పుడు నాకు తట్టని ప్రయోజనం తర్వాత తెలిసింది. ఆ ఏడాది బి.టిహెచ్. (వేదాంత డిగ్రీ) మొదటి సంవత్సరంలో చూపు లేని అబ్బాయి ఒకడు చేరాడు. అతని కోసం తెలుగు బ్రెయిలీ బైబిల్ తెప్పిద్దామని నేను ముందే అనుకున్నాను. అది ఒక పుస్తకం కాదు, సంపుటాల వరస, ఒక అర మొత్తం పడుతుంది. కొనే ముందు అతన్నే అడుగుదామని పిలిచాను, డీవీడీల తర్వాత వచ్చిన బుద్ధి. “బైబిల్ ఫోనులో వింటున్నానండి మేడమ్‌గారు. నాకు అందనిది క్లాసు నోట్సు” అన్నాడు. మా తెలుగు నోట్సన్నీ పాత అను ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫోనులో చదివే గొంతు వాటిని వినిపిస్తే మంత్రాలు చదువుతున్నట్టు ఉంటుంది. అతను వినిపించాడు. ఇద్దరం నవ్వాం గానీ, చేరిన నాటి నుంచి అతను తోటివాళ్లని బతిమాలి చదివించుకుంటున్నాడని అప్పుడే తెలిసింది.

కన్వర్టర్లతో మార్చి చూశాం, వత్తులు చెల్లాచెదురయ్యాయి. పట్నంలో డీటీపీ షాపులో యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించాం, ప్రూఫులు రెండో సంవత్సరం పిల్లలు చూశారు. ముప్పై ఒక్క వేలు అయింది, ఆ బడ్జెట్‌లో అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే. వికలాంగుల కోసం చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి 2012 సవరణతో కాపీరైట్ చట్టం వీలిచ్చింది, అయినా నోట్సు రాసిన అయ్యగార్లందరి దగ్గరా సంతకాలు తీసుకున్నాను. కొనుగోలు పద్దులో దీన్ని ఎలా రాస్తావని బర్సార్ గారు పట్టుబట్టారు. కొత్త సామాను ఏదీ రాలేదు కదా అన్నారు. ఒక విద్యార్థికి పద్నాలుగు కొత్త పుస్తకాలు వచ్చాయండీ అన్నాను. ఆయన సంతకం పెట్టారు, ఈసారి వారం అలగలేదు.

కాసెట్ల బీరువాల్లో కూడా ఇలాంటిదే దొరికింది. అట్ట మీద ఇంకు వెలిసిపోయిన పన్నెండు కాసెట్లు, 1980ల్లో మా కాలేజీ సంగీతం అయ్యగారు ఊళ్లకు వెళ్లి ముసలివాళ్ల చేత పాడించుకున్న కీర్తనలు. పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఇప్పుడు కీబోర్డు మీద అందరూ ఒకే వరసలో పాడుతున్నారు. ఆ కాసెట్లో ఒక ముసలమ్మ అదే కీర్తనని నాట్ల పాట సాగదీసినట్టు పాడుతుంది, మధ్యలో కోడి కూస్తుంది, ఎవరో “ఉష్” అంటారు. అలాంటి వరస బజారులో దొరకదు. ఇరవై రెండు వేలు పెట్టి వాటిని శుభ్రం చేయించి డిజిటల్‌లోకి మార్పించాం. రెండు కాసెట్లు అప్పటికే అతుక్కుపోయాయి. మిగతా వీహెచ్ఎస్‌లు, ఫిల్మ్ స్ట్రిప్పులు జాబితా రాసి కమిటీ అనుమతితో తీసేశాం. అటెండర్ బాబాయి ఖాళీ అల్యూమినియం డబ్బాలు అడిగాడు, వాళ్లావిడకి పోపు డబ్బాలకి పనికొస్తాయట.

మిగిలిన డబ్బుతో మూడు రేకు ట్రంకు పెట్టెలు కట్టాం. ఒక్కోదాంట్లో ఫ్లానెల్ సెట్, గుడ్డ పటం, తోలుబొమ్మలు నాలుగు, చార్జింగ్ స్పీకరు, తెలుగులో పాఠాల పుస్తకం. పరిచర్యకు వెళ్లేవాళ్లు పెట్టె పెట్టెనే ఇష్యూ చేయించుకోవచ్చు. పెట్టె బస్సులో పడుతుందా, ఒకమ్మాయి ఒంటరిగా మోయగలదా అని ముందు ఇటుకలు పెట్టి మోయించి చూశాం. ఇది నా సొంత తెలివేమీ కాదు. 1935లోనే గ్రంథాలయ ఉద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు కొల్లిపర నుంచి పెదవడ్లపూడి వరకు కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. మేం కాలవ పక్కనే బస్సులో తిప్పుతున్నాం.

గుడారానికి కాల్ నంబరు 222.12 ఇచ్చాను. రిజిస్టర్‌లో రచయిత గడి దగ్గర ఆగి, మేస్త్రి పేరు రాశాను. ‘పేజీలు’ అన్న గడిలో ‘60 గుంజలు, 48 పలకలు’ అని రాశాను. ఆడిటర్ వచ్చి ఇది పుస్తకమా, ఫర్నిచరా అని అడిగాడు. ఫర్నిచరైతే తరుగుదల లెక్కేయాలట. బోధన సామగ్రి అని నోట్ రాసిచ్చాం.

ఆ చూపులేని అబ్బాయి మధ్యాహ్నాలు వచ్చి దాని ముందు కూర్చునేవాడు. తూర్పు గుమ్మం దగ్గర రెండు వేళ్లు పెట్టి లోపలికి నడిపించేవాడు, బలిపీఠం దాటి, గంగాళం దాటి, తెర దాకా. మొదటి రోజు, “ఇన్నాళ్లూ గుడారం అంటే సర్కస్ డేరాలాగా గుండ్రంగా ఉంటుందనుకున్నానండి” అన్నాడు. ఫిబ్రవరిలో ఒకసారి కంచె చుట్టూ వేలు పోనిచ్చి, “మేడమ్‌గారూ, పడమర పక్క మూల గుంజ ఊగుతోంది” అన్నాడు. మేస్త్రి వచ్చినప్పుడు చెప్పాలి అనుకుని మరిచిపోయాను.

మార్చిలో లాక్‌డౌన్ పడింది. పిల్లలంతా దొరికిన బండి పట్టుకుని ఊళ్లకెళ్లిపోయారు. ఏప్రిల్‌లో క్వార్టర్స్‌లోనే ఉన్న నేనూ, బాబాయీ మాస్కులు కట్టుకుని స్టాక్ వెరిఫికేషన్ మొదలుపెట్టాం. మూడు పెట్టెల్లో రెండు ఊళ్లలోనే చిక్కుకుపోయాయి. గుడారం దగ్గర బాబాయి వేలితో లెక్కపెట్టాడు, యాభై తొమ్మిది. నేను లెక్కపెట్టాను, యాభై తొమ్మిది. టేబుల్ కింద, బీరువా వెనక వెతికాం. దొరకలేదు. రిపోర్టులో 222.12 ఎదురుగా ‘గల్లంతు: 1 గుంజ’ అని రాశాను. బాబాయి అది చూసి, “ఏ పక్కది అని రాయాలి కదమ్మా” అన్నాడు.

పడమర అని రాయబోయి ఆగాను. మూలది కదా.